ఒక్క చెట్టు దగ్గర అరగంట

లాల్‌బాగ్ చూశారా అని అడిగితే, బెంగళూరు వెళ్లొచ్చిన మన తెలుగువాళ్లలో చాలామంది చూశామనే చెబుతారు. పెళ్లికో, ఇంటర్వ్యూకో, కొడుకు కొత్త కాపురం చూడటానికో వెళ్తారు. తిరుగు రైలుకి నాలుగు గంటలు టైముంటే ఆటో ఎక్కి అక్కడ దిగుతారు. గ్లాస్ హౌస్ ముందు ఒక ఫోటో, పూల గడియారం దగ్గర ఒక ఫోటో, బండ మీది మంటపం దగ్గర ఇంకొకటి. బయటికొచ్చాక లోపల చూసిన చెట్లలో ఒక్కదాన్ని వర్ణించమంటే మాత్రం మాట తడబడుతుంది. పెద్ద పెద్ద చెట్లున్నాయండీ, చల్లగా ఉంది అంటారు.

ఆ చల్లదనాన్ని నేను తక్కువ చెయ్యను. ఇరుకు వాటాలో బతికే మనిషికి రెండు గంటల నీడ దొరకడం పెద్ద విషయమే. అయితే మనసు నిలపడం గురించి ఇంతదూరం మాట్లాడుకుంటూ వచ్చాం కాబట్టి, ఇలాంటి తోట మనకు ఇంకో రకంగా కూడా పనికొస్తుందని ఈ అధ్యాయంలో చెప్పాలనుకుంటున్నాను. తక్కువ చూడటం అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. లాల్‌బాగ్ విస్తీర్ణం 240 ఎకరాలు. అందులో వెయ్యికి మించిన రకాల చెట్లూ మొక్కలూ ఉన్నాయి. ఒక్క పూటలో అంతా చూడటం ఎలాగూ కుదరదు. కుదరదని గేటు దగ్గరే ఒప్పేసుకుంటే, ఏది చూడాలో ఎంచుకునే స్వేచ్ఛ మనకొస్తుంది. ఒక మూల, ఒక చెట్టు, అరగంట. ఈ అధ్యాయమంతా ఆ అరగంట గురించే.

అడవికి వెళ్లినా ఈ పని చెయ్యొచ్చు కదా అంటారేమో. చెయ్యొచ్చు, కానీ అడవిలో చెట్టు దానంతటదే మొలుస్తుంది. లాల్‌బాగ్ లాంటి తోటలో పాత చెట్లలో చాలావాటిని ఎవరో ఒకరు కోరి తెచ్చి, చోటు చూసి, గొయ్యి తీయించి నాటించారు. అందుకని ఇక్కడ చెట్టు ముందు నిలబడితే వేసుకోవడానికి మనకొక సూటి ప్రశ్న దొరుకుతుంది: ఇది ఇక్కడికి ఎందుకొచ్చింది? ప్రశ్న చేతిలో ఉన్నప్పుడు కళ్లు ఊరికే తిరగవు, వెతుకుతాయి. చూపు నిలవడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి లోటు సంకల్పబలంలో ఉండదు. వెతకడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు, అంతే.

ఆ ప్రశ్న పట్టుకుని ఈ తోటలోకి నడిస్తే ముందు ఎదురయ్యేవాడు హైదర్ అలీ. 1760లో ఆయన ఇక్కడ నలభై ఎకరాల చోట తోట వేయించడం మొదలుపెట్టాడు. అప్పటికే శిరాలో మొగలాయిల పద్ధతిలో వేసిన తోట ఒకటుండేది, అలాంటిది తనకూ కావాలనుకున్నాడని చెబుతారు. కొడుకు టిప్పు సుల్తాన్ దాన్ని పెంచాడు, దూర దేశాల నుంచి విత్తనాలూ మొక్కలూ తెప్పించాడు. ఆ కాలం నాటివని చెప్పే మామిడి చెట్లు తోటలో ఇప్పటికీ ఉన్నాయి. యుద్ధాల మధ్య బతికిన తండ్రీకొడుకులు మామిడి మొక్కల కోసం తీరిక చేసుకున్నారన్న సంగతి నన్ను ప్రతిసారీ ఆపుతుంది. పని ఒత్తిడిలో ఇష్టమైన వాటిని వచ్చే ఏడాదికి వాయిదా వేసుకునే అలవాటు మీకుంటే, ఆ మామిడి చెట్ల కింద కాసేపు నిలబడండి.

1799లో టిప్పు పడిపోయాక తోట ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఇక్కడే మన వైపు నుంచి ఒక దారి వచ్చి కలుస్తుంది. కాకినాడ దగ్గరి సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో ప్రయోగాల తోట ఒకటి నడిపాడు. మిరియాలు, కాఫీ లాంటి పంటలు ఆ నేలలో వస్తాయా అని నాటించి చూశాడు. చుట్టుపక్కల దొరికిన మొక్కలను స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతోనే కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలు, 300 చిత్రఫలకాలు 1795 నుంచి 1820 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి. 1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లిపోయాక సామర్లకోట పని బెంజమిన్ హైన్ చేతికి వచ్చింది. టిప్పు తర్వాత మైసూరు సర్వే బృందంతో బెంగళూరు చేరి, లాల్‌బాగ్‌ను చూసుకోమన్న ఆదేశం అందుకున్నది కూడా ఈ హైనే. కాకినాడ, పిఠాపురం వైపు నుంచి వచ్చి ఈ తోటలో నడిచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక.

తర్వాత కథ వేగంగా చెప్పేస్తాను. 1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానం అయింది. ఆ రోజుల్లో ఇలాంటి తోటలకు మనుషులను తయారుచేసే చోటు లండన్ దగ్గరి క్యూ తోటలు. అక్కడి నుంచి విలియం న్యూ వచ్చాడు, 1874లో జాన్ కామెరాన్ వచ్చాడు. గ్లాస్ హౌస్‌కి శంకుస్థాపన 1889లో కామెరాన్ హయాంలోనే జరిగింది. పోత ఇనుప భాగాలు గ్లాస్గో నుంచి ఓడ మీద వచ్చాయి. మన కూరల సంతలో బెంగళూరు వంకాయ అని అమ్మే లేతాకుపచ్చ కాయ ఉంది చూశారూ, దాని సొంత ఊరు మెక్సికో వైపు. బెంగళూరు చుట్టుపక్కల దాన్ని పెంచడం అలవాటు చేసిన ఘనత కామెరాన్‌కే ఇస్తారు. శనగపప్పు వేసి వండుకునే కూర వెనక కూడా ఈ తోట ఉందన్నమాట.

కామెరాన్ తర్వాత 1908లో వచ్చిన గుస్తావ్ క్రుంబీగల్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. జర్మనీలో పుట్టాడు. క్యూలో పని నేర్చుకుని, బరోడా సంస్థానంలో తోటలు వేసి, అక్కడి నుంచి మైసూరు సంస్థానానికి వచ్చాడు. 1932లో పదవీ విరమణ చేశాక కూడా బెంగళూరులోనే ఉండిపోయాడు. 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. బెంగళూరు వీధుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూత మీద ఉండేలా, ఒకటి రాల్చేసరికి ఇంకొకటి అందుకునేలా జాతులను ఎంచి నాటించాలన్నది ఆయన పద్ధతి. దానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది, ఏది ఎన్ని వారాలు పూస్తుంది, ఏ నేలలో ఏది ఎంత ఎత్తుకు పోతుంది, ఇవన్నీ ఏళ్ల తరబడి గమనించి రాసుకుంటే తప్ప అలాంటి వరస కుదరదు. నాటిన మొక్క పూతకు రావడానికి మళ్లీ ఏళ్లు పడుతుంది. ఫలితం కనబడక విసిగి వదిలేసిన పనులు మనందరికీ ఉంటాయి. ఈ మనిషి చేసిన పనికి ఫలితం ఇప్పటికీ ప్రతి ఫిబ్రవరిలో వస్తూనే ఉంది.

ఈ సంగతులన్నీ ముందే చదువుకుని వెళ్లాలా? ఒకటి రెండు తెలిస్తే చాలు. ఎక్కువ చదువుకుని వెళ్తే చదివినదాన్ని సరిచూసుకోవడంలోనే పూట గడిచిపోతుంది.

వెళ్లే రోజు

పొద్దున్నే వెళ్లండి. ఆరు గంటలకే తోట తెరుస్తారు. ఆ వేళ అక్కడ ఉండేది ఎక్కువగా రోజూ నడకకొచ్చేవాళ్లు, వాళ్లు తమ నడకలో ఉంటారు కాబట్టి మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. పక్షులు కూడా అప్పుడే బాగా కనబడతాయి. మెజెస్టిక్‌లో దిగినవాళ్లకి మెట్రో గ్రీన్ లైన్ సులువు, లాల్‌బాగ్ పేరుతోనే స్టేషన్ ఉంది. తోటకి నాలుగు గేట్లున్నాయి. దిగిన చోటికి ఏది దగ్గరైతే అందులోంచే లోపలికి వెళ్లి, వెనక్కి కూడా అందులోంచే రండి. ఒక గేటులో వెళ్లి ఇంకో గేటులో బయటపడాలని లెక్క వేసుకుంటే మనసంతా ఆ అవతలి గేటు మీదే ఉంటుంది.

వెంట మంచినీళ్లు, చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. పెన్ను కన్నా పెన్సిలు మేలు, ఎందుకో తర్వాత చెబుతాను. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మని నేను చెప్పను. దారి చూసుకోవాలి, ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తారు, అవసరాలుంటాయి. కాకపోతే ఒక నియమం పెట్టుకోండి: చెట్టును పది నిమిషాలు చూశాకే ఫోటో. పది నిమిషాల తర్వాత తీసే ఫోటో వేరుగా వస్తుంది, మీరే గమనిస్తారు. మొదట్లో అయితే చెట్టంతా ఫ్రేములో పట్టించాలని వెనక్కి వెనక్కి జరుగుతాం. చూశాక దగ్గరికి వెళ్తాం.

ఏ చెట్టు అని అడుగుతారు. నాకైతే మొదటిసారి వచ్చినవాళ్లకి నాగలింగం చెట్టు చూపించడం ఇష్టం. తోటలో తెల్ల బూరుగు ఉంది, దాని మొదలు గోడల్లా చీలి నేల మీద పరుచుకుని ఉంటుంది, రెండు వందల ఏళ్లు దాటిందని చెబుతారు. దాన్ని చూసి ఎవరైనా ఆశ్చర్యపోతారు. అయితే ఆశ్చర్యం త్వరగా వచ్చి త్వరగా పోతుంది. నాగలింగం అలా కాదు, చూసేకొద్దీ ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది.

దాని దగ్గర అరగంట ఎలా గడుస్తుందో చెబుతాను. దూరం నుంచి చూస్తే మాను చుట్టూ ఎండు తీగలు అల్లుకుపోయినట్టు ఉంటుంది, ఎవరో శుభ్రం చెయ్యడం మరిచిపోయారేమో అనిపిస్తుంది. నాలుగడుగులు దగ్గరికి వెళ్తే అవి తీగలు కావని తెలుస్తుంది. మాను మీంచే పుట్టుకొచ్చిన పూల రెమ్మలవి. పువ్వులు కొమ్మల చివర కాకుండా మొదలు నుంచే పూస్తాయి. ఎందుకలా? ఆ ప్రశ్నను కాసేపు మీ దగ్గరే ఉంచుకోండి, వెంటనే ఫోన్‌లో వెతక్కండి. కింద రాలిన పువ్వు ఒకటి చేతిలోకి తీసుకోండి. చెట్టు మీది పువ్వు మాత్రం కొయ్యకూడదు. ఆరు రేకులు, మందంగా, బయట పసుపు కలిసిన ఎరుపు, లోపల గులాబీ రంగు. మధ్యలో ఒక పక్క నుంచి పడగలా వంగి వచ్చిన భాగం, దాని కింద గుండ్రటి పీఠం. శివాలయాల్లో ఈ చెట్టును ఎందుకు పెంచుకుంటారో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పడగను కొంచెం ఎత్తి చూడండి. పడగ లోపలి వైపు కేసరాలు కొన్ని, కింద పీఠం చుట్టూ పొట్టి కేసరాలు కొన్ని, రెండు రకాలు కనబడతాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద పుప్పొడి కోసం వస్తుంది. పడగ కేసరాల్లో ఉన్న పుప్పొడి దాని మేతకు, విత్తనం కట్టడానికి పనికిరాదు. దాన్ని ఏరుకుంటున్నంతసేపూ తుమ్మెద వీపు కింది పీఠానికి రాసుకుంటుంది, అక్కడున్న అసలు పుప్పొడి వీపుకంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. వాసన చూడండి, పొద్దున పూట ఘాటుగా, తియ్యగా ఉంటుంది. పైకి చూస్తే తుపాకీ గుండ్లలాంటి గోధుమరంగు కాయలు మానుకు వేలాడుతుంటాయి. ఒక్కో కాయ పండటానికి ఏడాది దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఈ చెట్టు కింద నిలబడితే కిందటేటి పువ్వు కాయగా, ఇవాళ్టి పువ్వు పువ్వుగా ఒకేసారి కనబడతాయి. అన్నట్టు, కాయలకు సరిగ్గా కింద నిలబడొద్దు.

మనం శివుడికిచ్చుకున్న ఈ చెట్టు దక్షిణ అమెరికాది. అక్కడి నదీతీరపు అడవుల నుంచి మనుషుల చేతుల మీదుగా ఇక్కడికి వచ్చి, మన గుళ్లలో స్థిరపడి, మన పేరు పెట్టుకుంది. ఇంకా కొంచెం ముందుకెళ్తే నిద్రగన్నేరు, అదీ ఆ ఖండానిదే. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది. మనవే అనుకునే చెట్లలో ఎన్ని బయటివో తెలిసినప్పుడు కొంతమందికి ఎందుకో నొప్పి కలుగుతుంది. నాకు మాత్రం ధైర్యం కలుగుతుంది. ఊరు మారి, భాష మారి, కొత్త ఉద్యోగంలో వేరు దొరక్క సతమతమవుతున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. బెంగళూరులో అద్దె గదుల్లో ఉండే మన పిల్లల్లో వాళ్లు ఎందరో. వాళ్లకి ఈ తోట పక్కనే ఉంది, ఆదివారం పొద్దున వెళ్లి ఈ చెట్లను చూసి రమ్మని చెబుతుంటాను.

ఇప్పుడు పెన్సిలు సంగతి. చూసిన పువ్వునో, ఆకునో పుస్తకంలో గీయండి. బొమ్మలు రావు అనొద్దు. ఇది ఎవరికీ చూపించేది కాదు. గీయడం మొదలుపెట్టగానే మీకు తెలియనివి బయటపడతాయి. ఆకు అంచు నున్నగా ఉందా, పళ్లు పళ్లుగా ఉందా? ఈనెలు ఎదురెదురుగా బయల్దేరుతున్నాయా, ఒకదాని తర్వాత ఒకటా? మళ్లీ చూడాలి, చెరిపి మళ్లీ గీయాలి, పెన్సిలు అందుకే. సామర్లకోట చిత్రకారులు చేసిన పని ఇదే. కెమెరా లేని రోజుల్లో ఒక మొక్కను ఏడు సముద్రాల అవతల ఉన్న మనిషి గుర్తుపట్టేలా చూపించాలంటే వాళ్లు ఎంతసేపు ఎంత నిదానంగా చూసి ఉండాలి! ఆ చూపులో వందో వంతు మనకు పట్టుబడినా, ఆఫీసులో ఒక ఉత్తరం చదివే తీరు మారుతుంది, ఇంట్లో ఎదుటి మనిషి ముఖం చూసే తీరు మారుతుంది. ఇది గట్టిగా నమ్మే చెబుతున్నాను.

చెట్లకు కట్టిన బోర్డులు చదవండి, కానీ ఆఖరున చదవండి. వాటి మీద శాస్త్రీయ నామం, కుటుంబం, పుట్టిన దేశం ఉంటాయి. ముందే చదివితే పేరు తెలిసింది కదా అని కాళ్లు ముందుకు కదులుతాయి. చూశాక చదివితే ఆ పేరు మీరు చూసినదానికి అంటుకుంటుంది, మళ్లీ మరిచిపోరు.

బండ మీద

తోటలో చెట్లకన్నా పాతది ఒకటుంది, అదే బండ. దాని మీద కెంపేగౌడ పేరుతో చిన్న గోపురం ఉంటుంది, ఒకప్పుడు బెంగళూరు ఎంతవరకు పెరుగుతుందో గుర్తుగా నాలుగు దిక్కులా కట్టినవాటిలో ఒకటని చెబుతారు. ఊరు ఆ గుర్తుల్ని దాటి ఎంత దూరం పోయిందో పైకెక్కి చూస్తే తెలుస్తుంది. అందరూ గోపురం ఎక్కి ఊరు చూస్తారు. నేను చెప్పేది కాళ్ల కింద చూడమని. ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. ద్వీపకల్ప నైస్ అంటారు దాన్ని, దక్షిణ భారతానికి పునాది అలాంటి రాళ్లే. భారత భూగర్భ సర్వే సంస్థ ఈ బండను జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది, అక్కడ ఆ విషయం రాసిన ఫలకం ఉంది. ఒంగి చూస్తే నల్ల చారలూ తెల్ల చారలూ వంకర్లు పోతూ కనబడతాయి. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రాయి మెత్తబడి మడతలు పడ్డ ఆనవాళ్లవి. హైదరాబాద్ గుట్టల రాయి కూడా ముసలిదే, కాకపోతే ఇంతకన్నా చిన్నది, దాదాపు 250 కోట్ల ఏళ్లది.

ఈ అంకెలు విని, ఇంత కాలంలో మన జీవితమెంత, మన బాధలెంత అని నిట్టూర్చమని కొందరు చెబుతారు. ఆ మాట నాకు నచ్చదు. రేపటి ఈఎంఐ గురించి దిగులుపడుతున్న మనిషికి 300 కోట్ల ఏళ్లు ఓదార్పు కావు. నేను ఆ బండ మీద చెయ్యమనేది చాలా చిన్న పని. చెప్పులు విడిచి, పొద్దుటి ఎండ పడిన రాయి మీద పదినిమిషాలు కూర్చోండి. అరచెయ్యి ఆనించి ఒక చార ఎక్కడ మొదలై ఎక్కడ తప్పిపోతుందో వేలితో అనుసరించండి. చేతికి పని దొరికితే తలలో రొద దానంతటదే తగ్గుతుంది. ధ్యానానికి కూర్చోలేనివాళ్లకి ఇది బాగా పనిచేస్తుంది.

వెంట ఎవరు

ఒంటరిగా వెళ్లడం మంచిదే, కానీ తప్పనిసరి కాదు. పిల్లలతో వెళ్తే వాళ్లకి చెట్టు చరిత్ర చెప్పడం మానండి. కింద రాలినవాటిలో ఐదు వేర్వేరు విత్తనాలు వెతకమనండి. బూరుగు దూది, రెక్కల గింజలు, ఎండు కాయలు, ఏదో ఒకటి తెస్తారు. ఏ విత్తనం గాలికి పోతుంది, ఏది పక్షి కడుపులో పోతుంది, ఏది దొర్లుకుంటూ పోతుంది అని వాళ్లనే అడగండి. సమాధానాలు చూసుకుని, విత్తనాలు అక్కడే వదిలేసి రండి.

అమ్మానాన్నలతో వెళ్తే పద్ధతి తిరగేయండి. చెప్పేది వాళ్లు, వినేది మీరు. మోకాళ్ల నొప్పులుంటే బ్యాటరీ బండి దొరుకుతుంది, నడిచి తీరాలని పట్టుబట్టకండి. ఒక కానుగ చెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, నాన్నగారూ, మన ఊళ్లో కానుగ దేనికి వాడేవాళ్లం అని అడిగి చూడండి. పుల్లతో పళ్లు తోముకోవడం, ఆకు మాగాణికి పచ్చిరొట్టగా తొక్కించడం, నూనెతో దీపం, గజ్జికి మందు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే ఆరోగ్యం, వాతావరణం అయిపోయి మౌనం వచ్చే కొడుకులకీ కూతుళ్లకీ ఈ ఒక్క ప్రశ్న చాలా దూరం తీసుకెళ్తుంది. వాళ్లకి తెలిసింది మనకు అవసరమని వాళ్లకి తెలియజెయ్యడానికి ఇంతకన్నా సహజమైన సందర్భం దొరకదు.

పూల ప్రదర్శన గురించి కూడా చాలామంది అడుగుతారు. ఏడాదికి రెండుసార్లు, గణతంత్ర దినానికీ స్వాతంత్ర్య దినానికీ గ్లాస్ హౌస్‌లో పెద్ద ఎత్తున జరుగుతుంది. పూలతో కట్టిన భవనాలూ బొమ్మలూ చూడటానికి ఊరంతా వస్తుంది. సంతోషంగా వెళ్లండి, పిల్లల్ని భుజాలమీద ఎత్తుకుని వెళ్లండి. ఆ రోజున అరగంట సాధన మాత్రం పెట్టుకోకండి. జనంలో నలిగి, కుదరలేదని నిరాశపడతారు. జాతరకి వెళ్లిన రోజు జాతరే చూడాలి.

మళ్లీ వెళ్లడం

ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇదే: అదే చెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లండి. కొత్తది చూడాలన్న కోరిక బలంగా లాగుతుంది, దాన్ని సగం పూటకే పరిమితం చెయ్యండి. మొదటి అరగంట పాత చెట్టుకు. కిందటిసారి గీసిన బొమ్మ పక్కన ఈసారి బొమ్మ గీసి తేదీ వెయ్యండి. చిగురు వేసిందా, పుండ్లు పడ్డాయా, కొమ్మ విరిగిందా, ఎవరైనా పేరు చెక్కారా. బెరడు మీద చెక్కిన ప్రేమికుల పేర్లు కనబడితే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ గాయంలోంచి పురుగూ బూజూ చెట్టు లోపలికి పోతాయి. మీ పక్కన ఎవరైనా తాళంచెవి తీసి చెక్కబోతుంటే, కోప్పడకుండానే సరే, ఆపండి.

బెంగళూరులో ఉండేవాళ్లకి క్రుంబీగల్ వేయించిన వరస ఒక క్యాలెండరులా ఉపయోగపడుతుంది. జనవరి, ఫిబ్రవరిల్లో గులాబీరంగు టబెబుయా ఆకులన్నీ వదిలేసి పువ్వే తానై నిలబడుతుంది. ఆ వెనకే పసుపు టబెబుయా, మార్చికి జకరండా నీలం. ఏప్రిల్ నుంచి తురాయి ఎరుపు, పచ్చ తురాయి కింద నేలంతా పసుపు పొడి, రేల గుత్తులు. వానలు వెళ్లేవేళకు దేవకాంచనం. నెలకొక ఆదివారం పెట్టుకుని, ఆ నెల వంతు ఎవరిదో కనుక్కోవడం చాలు. ఒక ఏడాది ఇలా చేసినవాళ్లు ఆఫీసుకి వెళ్లే దారిలో కూడా తలెత్తి చూడటం మొదలుపెడతారు.

బెంగళూరుకి దూరంగా ఉన్నవాళ్ల సంగతి? హైదరాబాద్‌లో ఉంటే గోల్కొండ నయా ఖిల్లాలో హతియాన్ చెట్టు దగ్గరికి వెళ్లండి. అది ఆఫ్రికా బావోబాబ్, చుట్టుకొలత 25 మీటర్లకు పైనే. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లెవరో కొన్ని వందల ఏళ్ల కింద నాటి ఉంటారని చెబుతారు. మహబూబ్‌నగర్ వైపు అయితే పిల్లలమర్రి ఉంది. అనంతపురం వైపువాళ్లకి కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది, ఎకరాలకొద్దీ పరుచుకున్న ఆ ఒక్క చెట్టు 1989లో గిన్నిస్ రికార్డులకెక్కింది. అక్కడ ఊడల మధ్య నడుస్తూ అసలు మొదలు ఏదో వెతకడంతోనే మీ అరగంట అయిపోతుంది. ఇవేవీ దగ్గర లేకపోతే మునిసిపల్ ఆఫీసు ఆవరణలోనో, మీరు చదివిన బడిలోనో నీడనిచ్చే చెట్టు ఏదో ఉంటుంది. దాన్ని ఎవరు నాటారో అక్కడ పాతకాలం నుంచి పనిచేస్తున్న వాచ్‌మన్‌ను అడగండి. ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుందో ఆయనకి తెలుస్తుంది. వచ్చే ఆదివారం లోపల అడిగి, విన్నది నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాయండి.